పాట మాది... పట్టా ఎవరిది?

రాసేది ఒకరు. బాణీ కట్టేది ఒకరు. పాడేది మరొకరు. మరి ఆ పాట ఎవరిది? సినిమా పాటకైతే నిర్మాత ఉంటాడు, ఆడియో కంపెనీ ఉంటుంది. ఏ సినిమాకూ చెందని పాటకు? హైటెక్ సిటీ చుట్టుపక్కల గదుల్లో, ల్యాప్‌టాప్‌ల ముందు పుడుతున్న కొత్త పాటలన్నీ ఈ ప్రశ్న దగ్గరే ఆగి ఆలోచిస్తున్నాయి.

శుక్రవారం సాయంత్రం ఏడున్నర. సైబర్ టవర్స్ కూడలి. కదలని ట్రాఫిక్. క్యాబ్ వెనక సీట్లో ఓ అమ్మాయి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాట వింటోంది. పక్కనే బైకు మీద ఓ కుర్రాడు. వీపున ఉన్నది రోజూ మోసే ల్యాప్‌టాప్ బ్యాగు కాదు, గిటార్ సంచి. కొండాపూర్‌లో ఏదో కేఫ్‌లో ఆ రాత్రి ఓపెన్ మైక్. పేరిచ్చిన వాళ్లెవరైనా స్టేజీ ఎక్కి పాడొచ్చు. ఇద్దరికీ ముఖపరిచయం లేదు. కానీ ఆమె వింటున్న పాట, అతను తన గదిలో కూర్చుని రాసి, పాడి, రికార్డు చేసిందే కావచ్చు!

ఇది ఊహే. అలాగని జరగనిదేం కాదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు మాత్రం ఇది ఊహకైనా అందని మాట. అప్పట్లో పాట రికార్డు చేయాలంటే స్టూడియో కావాలి. క్యాసెట్ వేయాలంటే కంపెనీ కావాలి. అమ్మాలంటే ఊరూరా దుకాణాలు కావాలి. ఇప్పుడు ఒక ల్యాప్‌టాప్, ఒక మైకు, వీధి చప్పుడు లోపలికి రాకుండా కిటికీకి కట్టిన దుప్పటి ఉంటే చాలు. పాట అమెరికా దాకా వెళ్తుంది.

వెళ్తుంది సరే... వెళ్లాక అది ఎవరి సొత్తు?

ప్రైవేటు పాటకు పాత చరిత్రే

'ఇండిపెండెంట్ మ్యూజిక్' అంటే మనకేదో కొత్తగా వచ్చిందనిపిస్తుంది. నిజానికి తెలుగువాళ్లకు ఇది తాతల కాలం నాటి సంగతి. మాటే వేరు. మనం వాటిని 'ప్రైవేటు పాటలు' అన్నాం. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి గొంతుల్లో గ్రామఫోన్ రికార్డులకెక్కిన లలితగీతాలు ఏ సినిమాలోవీ కావు. కరుణశ్రీ 'పుష్పవిలాపం' ఘంటసాల గొంతులో ఇంటింటికీ చేరింది సినిమా తెర మీది నుంచి కాదు. ఆయన చివరి రోజుల్లో పాడిన భగవద్గీత ఇప్పటికీ మన గుళ్లలో, ఇళ్లలో వినిపిస్తూనే ఉంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 'ఈ మాసపు పాట' వినిపిస్తే కాగితం, పెన్ను పట్టుకుని రేడియో ముందు కూర్చున్న అమ్మలు, అమ్మమ్మలు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు.

ఆ తర్వాత క్యాసెట్ల కాలం. గద్దర్, జననాట్యమండలి పాటలకు ప్రచారం చేసిన కంపెనీ ఏదీ లేదు. సభ జరిగిన చోటే పాటల పుస్తకాలు, క్యాసెట్లు చేతులు మారేవి. విన్నవాళ్లు ఊరెళ్లి పదిమందికి వినిపించేవారు. 2000 ప్రాంతంలో స్మిత 'హాయ్ రబ్బా' అంటూ తెలుగు పాప్‌ను టీవీల్లోకి తెచ్చింది. ఆ తర్వాతి దశాబ్దంలో హైదరాబాద్ బ్యాండ్ 'చౌరస్తా' పల్లె పదాలకు రెగే బీటు కలిపింది. యశ్వంత్ నాగ్, రామ్ మిరియాల తదితరుల ఈ బృందం పాడిన 'ఊరెళ్లిపోతా మామ'ను సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల హాస్టళ్లలో ఎంత ఇష్టంగా విన్నారో చెప్పక్కర్లేదు. ఊరొదిలి వచ్చిన ప్రతివాడికీ అది తన పాటే అనిపించింది. కరోనా వచ్చిన 2020లో చౌరస్తా రామ్ జాగ్రత్తలు చెబుతూ కట్టిన పాట ఫోన్ల నుంచి ఫోన్లకు పాకింది. ఆ గొంతునే తర్వాత సినిమా వెతుక్కుంటూ వచ్చింది. 2021లో 'జాతిరత్నాలు'లో 'చిట్టి', 2022లో 'డీజే టిల్లు' టైటిల్ పాట ఆయన పాడినవే.

అయితే గ్రామఫోన్ కాలానికీ ఇప్పటికీ ఒక తేడా ఉంది. ఆనాడు రికార్డు తయారుచేసిన కంపెనీయే సాధారణంగా ఆ రికార్డుకు యజమాని. కళాకారుడికి దక్కేది పేరు, ఎంతో కొంత పారితోషికం. ఈనాడు తన ఖర్చుతో తన గదిలో రికార్డు చేసుకున్న కుర్రాడే దానికి యజమాని కూడా. చిక్కంతా ఆ యజమాన్యం విలువ అతనికి తెలియకపోవడంలోనే ఉంది.

ఎకరం అమ్మేసినట్టు...

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి పాతకాపులను కదిపితే ఇలాంటి కథలు వినిపిస్తాయి. ఆడపిల్ల పెళ్లికనో, అప్పు తీర్చాలనో ఎకరమో అరెకరమో అమ్మేశారు. అప్పటికి అది మంచి ధరే. తర్వాత అదే నేల మీద అద్దాల మేడలు లేచాయి. అమ్మినవాడు తప్పేమీ చేయలేదు. ఆ నేల రేపేమవుతుందో ఆ రోజు అతనికి తెలియదు, అంతే.

పాటా అంతే. కొత్త కుర్రాడి దగ్గరికి ఓ ఛానెల్ వాళ్లు వస్తారు. 'పాట బాగుంది తమ్ముడూ, మా ఛానెల్‌లో పెడతాం. వీడియో ఖర్చు మాది. నీకు ఇంత ఇస్తాం' అంటారు. చేతిలో చిల్లిగవ్వ లేని రోజున ఆ మాట వరంలా ఉంటుంది. సంతకం పెట్టేస్తాడు. పాట కోట్లమంది విన్నా, పెళ్లిళ్లలో మోగినా, ఎవరో ప్రకటనకు వాడుకున్నా అతనికి రూపాయి రాదు. కొన్నిసార్లు తన పాటను తన సొంత ఛానెల్‌లో పెట్టుకునే హక్కు కూడా ఉండదు!

పెద్దవాళ్లకూ ఈ తిప్పలు తప్పలేదు. అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ తొలి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్ రికార్డులు 2019లో ఆమె చేతిలో లేకుండానే మరొకరికి అమ్ముడుపోయాయి. ఆమె పట్టుబట్టి 2021 నుంచి ఆ ఆల్బమ్‌లను ఒక్కొక్కటిగా మళ్లీ పాడి విడుదల చేయడం మొదలుపెట్టింది. చివరికి 2025లో పాతవాటిని కూడా కొనుక్కుంది. అంత డబ్బు, అంత పేరు ఉన్నాయి గనుక సాధ్యమైంది. కొండాపూర్ హాస్టల్ కుర్రాడికి అది కుదిరే పనేనా?

ఒక పాట... మూడు హక్కులు

పాటంటే మనకు వినిపించేది ఒకటే. చట్టం మాత్రం దాన్ని విడదీసి చూస్తుంది. సాహిత్యం, బాణీ ఒక రకం సొత్తు. అవి రాసినవారివి, కట్టినవారివి. రికార్డు చేసిన ధ్వని మరో సొత్తు. అది డబ్బు పెట్టి రికార్డు చేయించినవారిది. వాడుకలో దాన్నే 'మాస్టర్' అంటారు. మూడోది పాడినవారి, వాయించినవారి హక్కు.

ఈ తేడా మన ఇళ్లలో చర్చకు వచ్చింది 2017 మార్చిలో. అమెరికాలో కచేరీలు చేస్తున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దంటూ ఇళయరాజా తరఫున నోటీసు వెళ్లింది. 'పాడిన పాట పాడకూడదా?' అని సగటు అభిమాని నివ్వెరపోయాడు. బాలు మాత్రం చట్టాన్ని గౌరవిస్తానంటూ ఆ పాటలు పక్కనపెట్టి పర్యటన కొనసాగించారు. గొంతు ఆయనదే. బాణీ ఆయనది కాదు. ప్రాణస్నేహితుల మధ్య కూడా ఈ గీత ఉంటుందని అప్పుడే చాలామందికి తెలిసింది. 2019లో ఇద్దరూ మళ్లీ ఒకే వేదిక మీద కలవడంతో అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు.

ఈ హక్కులు ఊరికే రాలేదు. సినిమా కోసం డబ్బిచ్చి చేయించుకున్న పాటకు, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే తొలి యజమాని అని సుప్రీంకోర్టు 1977లో తేల్చింది. గాయకులకు రక్షణ లేకపోవడాన్ని జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ అదే తీర్పులో ప్రత్యేకంగా ఎత్తిచూపారు. గాయకుల హక్కు చట్టంలోకి రావడానికి 1994 దాకా పట్టింది. రచయితలు, సంగీత దర్శకుల కోసం రాజ్యసభలో జావేద్ అఖ్తర్ గట్టిగా గొంతు వినిపించారు. 2012 జూన్ 21 నుంచి సవరణ చట్టం అమల్లోకి వచ్చింది. దాని సారం ఇది: కాపీరైటు రాసిచ్చినా సరే, రాయల్టీలో రచయితకు, సంగీతకర్తకు సమాన వాటా ఉంటుంది. ఆ వాటాను వదులుకుంటున్నట్టు సంతకం పెట్టినా చెల్లదు. సినిమాకు చెందని పాటలకూ ఇదే రక్షణ ఉంది. ఈ రాయల్టీలను వసూలు చేసి పంచే ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ 1969 నుంచే ఉంది. కొత్త చట్టం కింద 2017లో మళ్లీ నమోదైంది. గాయకుల కోసం 2013లో ప్రత్యేకంగా మరో సంఘం ఏర్పడింది.

అంటే రక్షణ ఉంది. కాకపోతే సభ్యత్వం తీసుకుని, పాట వివరాలు నమోదు చేసుకున్నవారికే ఆ డబ్బు దారి తెలుస్తుంది.

అమ్మమ్మ నేర్పిన పాటకు యజమాని ఎవరు?

రాసిందెవరో తెలిసిన పాట సంగతి సరే. రాసిందెవరో తెలియని పాట మాటేమిటి? 2021 ఫిబ్రవరిలో 'లవ్‌స్టోరీ' సినిమా నుంచి 'సారంగ దరియా' విడుదలైంది. మంగ్లీ గొంతు, సుద్దాల అశోక్‌తేజ సాహిత్యం. ఊరూవాడా ఊగిపోయింది. ఇంతలో వరంగల్ ప్రాంతపు జానపద గాయని కోమలి ముందుకొచ్చారు. అది తన అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పాటనీ, 'రేలా రే రేలా' కార్యక్రమంలో తాను ముందే పాడాననీ చెప్పారు. పల్లవి జనం సొత్తు, చరణాలు నావి అన్నది రచయిత వాదన. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల కల్పించుకుని, కోమలికి గుర్తింపు, పారితోషికం ఇస్తామని ప్రకటించారు.

చట్టపరంగా చూస్తే ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. తరతరాల జానపదానికి ఫలానావారు యజమాని అని ఉండదు. ఎవరైనా పాడుకోవచ్చు. కానీ కొత్తగా రాసిన చరణాలు, కొత్తగా చేసిన రికార్డింగు ఎవరివి వారివే. ఆ పాటను అమ్మమ్మ నోటి నుంచి కాపాడి తెచ్చిన మనిషికి ఏమివ్వాలో మాత్రం మన చట్టంలో లేదు. అది మర్యాదకు, మనస్సాక్షికి వదిలేసిన ఖాళీ. పల్లెపాటల ఛానెళ్లు వందల్లో పుట్టుకొచ్చిన ఈ రోజుల్లో ఆ ఖాళీ చాలా పెద్దది.

ఆఫీసు కుర్చీలో పుడితే?

ఐటీ కారిడార్‌లో ఇంకో సందేహం. 'నేను కంపెనీ ఉద్యోగిని. నా పాట కూడా కంపెనీదేనా?' ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమాని కంపెనీయే. అందుకే రాసిన కోడ్ కంపెనీది. ఆదివారం ఇంట్లో కట్టుకున్న పాట ఉద్యోగంలో భాగం కాదు గనుక అది మీదే. అయితే చేరిన రోజున సంతకం చేసిన ఒప్పందంలో 'ఉద్యోగ కాలంలో సృష్టించినదంతా' అన్న తరహా వాక్యం ఉందేమో చూసుకోవాలి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పాటలు రికార్డు చేయకపోవడం ఎందుకైనా మంచిది.

ఇంటర్నెట్‌లో దొరికే బీట్ల దగ్గరా జాగ్రత్త అవసరం. చౌకగా దొరికింది కదా అని ఒక బీటు కొని పాట పాడేస్తారు. అదే బీటు ఇంకో వందమందికి అమ్మి ఉండొచ్చు. వాళ్లలో ఒకరు ముందుగా యూట్యూబ్ గుర్తింపు వ్యవస్థలో నమోదు చేసుకుంటే, మీ పాట మీద వచ్చే ఆదాయం వాళ్ల ఖాతాకు మళ్లొచ్చు. కొన్నది బీటును కాదు, దాన్ని వాడుకునే అనుమతిని మాత్రమే. సొంతిల్లు అనుకుని అద్దింట్లో గోడలు కట్టుకున్నట్టు!

పైసా పైసా లెక్క

మరి ఈ పాటలతో బతకొచ్చా? ఇంట్లో అమ్మానాన్నలు అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. స్ట్రీమింగ్‌లో ఒక్కో వినికిడికి ఇంత అని స్థిరమైన ధర లేదు. చందాలు, ప్రకటనల మీద వచ్చిన మొత్తంలో కొంత పక్కకు తీసి, ఎవరి పాట ఎంత వినిపించిందన్న నిష్పత్తిలో పంచుతారు. స్పాటిఫై తన ఆదాయంలో సుమారు మూడింట రెండొంతులు హక్కుదారులకు చెల్లిస్తానని చెబుతుంది. కానీ 2024 నుంచి ఒక షరతు పెట్టింది. 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినబడని పాటకు రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు. కొత్తవాళ్ల పాటలు చాలావరకు ఆగిపోయేది ఆ గడప ముందే.

పైగా దుకాణం ఎప్పుడు మూస్తారో తెలియదు. 2024లో రెస్సో మనదేశంలో మూతపడింది. అదే ఏడాది వింక్ మ్యూజిక్‌నూ ఆపేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. 2020లో టిక్‌టాక్ నిషేధంతో రాత్రికి రాత్రే శ్రోతలందరినీ పోగొట్టుకున్న గాయకులూ ఉన్నారు. 

సైబర్ టవర్స్‌కు కూతవేటు దూరంలోనే శిల్పారామం ఉంది. నేతగాడు తన చీరను తనే పరిచి, తనే ధర చెప్పి అమ్ముకునే చోటు. పాటలకూ అలాంటి అంగడి ఒకటి 2008లో మొదలైంది. పేరు బ్యాండ్‌క్యాంప్. శ్రోత నేరుగా కళాకారుడి దగ్గరే పాట కొంటాడు. అంగడివాళ్లు నూటికి 15 తీసుకుంటారు. బాగానే ఉంది కదా! కానీ 2022లో ఒక కంపెనీ, 2023లో మరో కంపెనీ ఆ అంగడినే కొనేశాయి. రెండోసారి చేతులు మారినప్పుడు సిబ్బందిలో సగం మంది ఇంటికెళ్లారు. కొట్టు మనదైనా సంత మనది కాదు. అందుకే తెలిసినవాళ్లు పాట మాస్టర్‌ను, ఒప్పంద కాగితాలను, శ్రోతల ఫోన్ నంబర్ల జాబితాను తమ దగ్గరే భద్రపరుచుకుంటారు. సంత మారినా సరుకు మనతో ఉంటుంది.

కొత్త పాట దొరికేదెలా?

ఇక వినేవాళ్ల సంగతి. రేడియో వినిపించింది విన్న రోజులు పోయాయి. క్యాసెట్ షాపాయన 'ఇది తీసుకెళ్లండి, బాగుంది' అన్న రోజులూ పోయాయి. ఇప్పుడు ఫోన్ మనం విన్నదాన్ని బట్టే తర్వాతి పాట ఎంచి పెడుతుంది. సౌకర్యమే. కానీ నిన్న విన్నలాంటిదే ఇవాళా వినిపిస్తుంది. కొత్తగా వచ్చినవాడు ఆ వరసలోకి దూరడం కష్టం.

అయినా పాట దారి వెతుక్కుంటూనే ఉంది. 2021లో మోహన భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి' ఏ సినిమాలోదీ కాదు. లక్ష్మణ్ సాహిత్యం, ఎస్.కె.బాజీ సంగీతం. ఒక పెళ్లికూతురు బరాత్‌లో వరుడి ముందు ఆ పాటకు వేసిన స్టెప్పుల వీడియో రాష్ట్రాలు దాటి పాకిపోయింది. ఆ తర్వాత అది లేని పెళ్లి ఊరేగింపు లేదు. రాము రాథోడ్ రాసి పాడిన 'రాను బొంబాయికి రాను' 2025లో పిల్లల నుంచి పెద్దల దాకా అందరి నోటా నానింది. రెండింటికీ ప్రచారకర్తలు జనమే.

గొంతు కూడా సొత్తే

తాజాగా మరో చిక్కు వచ్చిపడింది. 2023లో వచ్చిన 'కీడా కోలా' సినిమాలో బాలసుబ్రహ్మణ్యం గొంతును కృత్రిమ మేధతో సృష్టించి వాడారంటూ, ఆయన కుమారుడు ఎస్పీ చరణ్ 2024 జనవరిలో నిర్మాతలకు నోటీసు పంపారు. కుటుంబాన్ని అడగకుండా ఎలా వాడతారన్నది ఆయన ప్రశ్న. పాటకు పట్టా ఉన్నట్టే రేపు గొంతుకూ పట్టా రాయించుకోవాలేమో! పేరున్న గాయకుడి గొంతుకే ఇలా జరిగితే, నిన్నగాక మొన్న యూట్యూబ్‌లో పాట పెట్టిన అమ్మాయి గొంతును ఎవరు కాపాడతారు? కొత్త ఒప్పందాల్లో 'గొంతును యంత్రానికి నేర్పడానికి వాడకూడదు' అన్న వాక్యం రాయించుకోవడం ఇప్పటికి తోచిన దారి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంట్లో పిల్లలు వింటున్న పాటల్లో ఏ సినిమాలోదీ కాని పాట ఒకటి అడిగి వినిపించుకోండి. నచ్చితే దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే పేర్లు చదవండి. రాసిందెవరు, బాణీ కట్టిందెవరు, పాడిందెవరు, హక్కు ఎవరిది? నాలుగు చోట్లా ఒకే పేరు కనిపించిందనుకోండి... ఆ పాట వెనక నేలను అమ్ముకోకుండా నిలబెట్టుకున్న మనిషి ఉన్నట్టు. వీలైతే అసలు ఛానెల్‌లోనే వినండి. పదిమందికీ చెప్పండి. ఆ వెయ్యి వినికిళ్ల గడప దాటించేది మనమే.

సంతకానికి ముందు...

* ఒప్పందంలో ఎన్నేళ్లకన్నది రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా లెక్కిస్తుంది. ఏ ప్రాంతానికన్నది రాయకపోతే మనదేశానికే పరిమితం. 'శాశ్వతంగా', 'ప్రపంచమంతటా' అన్న మాటలు కనిపిస్తే ఆగి ఆలోచించండి.

* అమ్మడం వేరు, అనుమతి ఇవ్వడం వేరు. వాడుకోవడానికి కొన్నేళ్లు అనుమతి ఇస్తే గడువు తీరాక పాట మళ్లీ మీ చేతికొస్తుంది.

* కాపీరైటు పాట పుట్టగానే వస్తుంది. నమోదు తప్పనిసరి కాదు. చేసుకుంటే వివాదంలో సాక్ష్యంగా పనికొస్తుంది. రచయిత హక్కు ఆయన జీవితకాలంతో పాటు ఆ తర్వాత 60 ఏళ్లు, రికార్డింగ్ హక్కు విడుదలైన తర్వాత 60 ఏళ్లు ఉంటాయి.

* బ్యాండ్‌లో నలుగురుంటే ఎవరి వాటా ఎంతో పాట విడుదలకు ముందే కాగితం మీద రాసుకోండి. పాట హిట్టయ్యాక రాసుకోవడం కష్టం.

* ప్రతి రికార్డింగుకూ ఐఎస్ఆర్‌సీ అనే 12 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. పాట ఎక్కడ వినిపించినా లెక్క తేల్చేది అదే. దాన్ని భద్రంగా రాసిపెట్టుకోండి.

* పాత సినిమా పాటను మళ్లీ పాడి విడుదల చేయాలంటే హక్కుదారుల అనుమతి తీసుకోవాలి. లేదంటే తొలి రికార్డింగు వచ్చిన ఏడాది ముగిశాక 5 క్యాలెండర్ సంవత్సరాలు ఆగి, ముందుగా నోటీసిచ్చి, రాయల్టీ కట్టాలి.